రత్నం ఎత్తిన నూట ఎనభై కిలోలు

వెయిట్‌లిఫ్టింగ్ కోచ్‌లుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు బరంపురంలో గోసాని నువాగాం పేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. కాళ్ళకి దణ్ణం పెడతారు. టీ తాగుతారు. గ్లాసు కింద పెట్టాక గొంతు తగ్గించి, "సార్, పిల్లలకి కండ పెరగడానికి ఏ పొడి మంచిది?" అని అడుగుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ముప్పై ఏళ్ళకి పైగా చేసిన పని గురించి అడగడానికి వీళ్ళకి దొరికింది డబ్బాలో పొడి! నోటితో చెబితే సగం వింటారు, మిగతా సగం ఫోను చూసుకుంటారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు రాయను. అవి వినీ వినీ మా ఆవిడే చెవులు మూసుకుంది. నేను గర్వపడే సంగతులు రాస్తాను, ఆ విషయంలో నాకు మొహమాటం లేదు. సిగ్గుపడే సంగతి కూడా ఒకటి రాస్తాను. అదే ఎక్కువ చోటు తీసుకుంటుంది.

మా షెడ్డు

మా నాన్న సోంపేట దగ్గర పల్లె నుంచి రైల్వే పనికి ఒడిశాలోని ఈ బరంపురం వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే బరువులెత్తాను, ఇక్కడే కోచ్‌నయ్యాను. నా చేతి కిందకి వచ్చిన వాళ్ళంతా కూలీల పిల్లలు, జాలరి పిల్లలు, హోటళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళ పిల్లలు. పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని వచ్చేవాళ్ళు. ఆ తిండితోనే దేశం నలుమూలలా తిరిగి పతకాలు తెచ్చారు. "బరంపురం వాళ్ళొచ్చారు, ఇంక చూసుకోండి" అని పక్క రాష్ట్రాల కోచ్‌లు గొణుక్కోవడం నా చెవులతో విన్నాను. విన్నప్పుడల్లా నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది. ఇప్పుడు రాస్తున్నా పెరుగుతోంది.

మా వ్యాయామశాల అంటే ఒక రేకుల షెడ్డు, చెక్కల వేదిక, ఇనుప ప్లేట్లు. సముద్రపు గాలి ఇనుముని బతకనివ్వదు. నేను చేరిన ఏడే ఒక ఆచారం పెట్టాను. విశ్వకర్మ పూజకి ముందురోజు ప్లేట్లన్నీ ఎండలోకి తెచ్చి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ముందు ఎర్ర రంగు, అది ఆరాక నల్ల ఎనామిలు వేసేవాళ్ళం. మీద తెల్లగా ఇరవై, పదిహేను, పది అని నేనే అంకెలు రాసేవాణ్ణి. పూజ రోజున బొట్లు పెట్టి, బంతిపూలు వేసి, బూందీ పంచేవాళ్ళం. అద్దంలా మెరిసే ప్లేట్లు చూడ్డానికి వీధిలో వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. ఒక్క ఏడు కూడా ఆ పూజ మానలేదు.

తర్వాత మా పై అధికారి ఒకాయన రబ్బరు ప్లేట్ల కొత్త సెట్టు ఒకటి ఇప్పించాడు. మంచివాడే, కానీ పతకం తప్ప మరో మాట మాట్లాడడు. "మాస్టారూ, మీ పిల్లలు ఏం తింటారో, ఏం తాగుతారో నాకు చెప్పకండి. మెడ చూపించండి, మెడలో ఏముందో చూపించండి" అనేవాడు. కొత్త సెట్టు నేను మగపిల్లలకిచ్చాను. ఆడపిల్లలకి పాత ఇనుము వదిలేశాను. ఎందుకిలా చేశావని అప్పట్లో ఎవరూ అడగలేదు. 

కొడల శ్రీను

శ్రీను కొడల బజారులో ఒక బట్టల కొట్టాయన కొడుకు. ఇరవై మూడేళ్ళవాడు. రెండేళ్ళపాటు ఎక్కడివాడక్కడే ఉండి, ఉన్నట్టుండి నాలుగు నెలల్లో పాతిక కిలోలు పెరిగాడు. నేనేం చేశాను? పొంగిపోయాను. కొత్తగా మొదలుపెట్టిన నా వ్యాయామాల వల్లే అని కనబడిన ప్రతివాడికీ చెప్పాను. వాడి వీపు నిండా మొటిమలు లేచాయి, ముట్టుకుంటే కొట్టేలా కోపం వచ్చింది. ఎండాకాలం కదా అనుకున్నాను. కళ్ళు ఉన్నది చూడ్డానికి కాదు, పతకాలు లెక్కపెట్టడానికే అన్నట్టుండేవాణ్ణి ఆ రోజుల్లో.

పోటీల్లో చేసే మందుల పరీక్షలో దొరికాడు. కండల కోసం సూదులు వేయించుకుంటున్నాడు. నాలుగేళ్ళు నిషేధం పడింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని షెడ్డుకొచ్చి, "నిజంగా మీకు తెల్దేటి సార్?" అని అడిగాడు. తెలియదన్నాను. "తెల్దంటే ఏటి సార్, మీరు సూడలేదు అంతే. సూసుంటే రెండు తగిలించి ఆపేసుందురు" అన్నాడు. వాడు ఏడవలేదు. నేనే ఇంటికెళ్ళి ఏడ్చాను.

ఆ రోజు నుంచి నాకు ఎవరి బరువు పెరిగినా అనుమానమే. ఎవరైనా అయిదు కిలోలు ఎక్కువ ఎత్తితే చాలు, వాళ్ళ సంచులు వెతికేవాణ్ణి. దగ్గు మందు సీసా దొరికినా కూర్చోబెట్టి గంట తిట్టేవాణ్ణి. పిల్లలు నన్ను "పోలీసు సార్" అనడం మొదలెట్టారు. నాకది బిరుదులాగే ఉండేది.

"తేలిగ్గా ఉన్నాది సార్"

నూకరత్నం సముద్రం ఒడ్డున సోనేపూర్ అనే జాలరి పల్లె పిల్ల. తండ్రి పడవ మీద వెళ్తాడు, తల్లి కొర్లమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని బస్సులో బరంపురం వచ్చి అమ్ముతుంది. పదిహేనేళ్ళప్పుడు ఆ పిల్ల తల్లి గంపని ఒంటిచేత్తో బస్సు పైకి అందించడం చూసి నేనే పిలిచాను. మాట తక్కువ, పని ఎక్కువ. చెప్పింది ఒకసారే చెప్పాలి, రెండోసారి చెబితే చిన్నబుచ్చుకునేది.

మా ఆటలో రెండు రకాల ఎత్తుడు ఉంటుంది. స్నాచ్ అంటే ఒక్క ఊపులో నేల మీంచి తల పైకి. రెండోది జర్క్, ముందు భుజాల మీదకి తెచ్చుకుని అక్కణ్ణుంచి పైకి. రెండింటిలోనూ ఎత్తిన బరువు కలిపితే మొత్తం. పందొమ్మిదేళ్ళ రత్నం మా షెడ్డులో ఎత్తిన మొత్తం నూట డెబ్బై. స్నాచ్ డెబ్బై అయిదు, జర్క్ తొంభై అయిదు. ఆరు నెలలుగా అక్కడే ఆగిపోయింది. అరకిలో కదలలేదు.

ఆ పరిస్థితిలో రాష్ట్ర పోటీలకి వెళ్ళాం. స్నాచ్‌లో డెబ్బై రెండుతో మొదలెట్టించాను. ఎత్తి దించి వచ్చి, "తేలిగ్గా ఉన్నాది సార్, పెంచండి" అంది. డెబ్బై ఆరు రాయించాను. "ఇంకా పెంచండి సార్." ఎనభై! జర్క్‌లో తొంభై రెండు, తొంభై ఆరు, నూరు. ఆరుకి ఆరూ ఎత్తింది. మొత్తం నూట ఎనభై. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మా అధికారి పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు. నేను మాత్రం నోటు పుస్తకం తీసి షెడ్డులో రాసుకున్న అంకెలు మళ్ళీ చూశాను. ఆరు నెలలు కదలని పిల్ల ఒక్క పూటలో పది కిలోలు ఎలా పెరిగింది? నా కళ్ళ ముందు శ్రీను వీపు కనబడింది.

రైల్లో తిరిగొస్తూ అడిగాను. "ఏం తీసుకున్నావు రత్నం?"

మొదట అర్థం కాలేదు దానికి. "ఇడ్లీ తిన్నాను కదా సార్, మీరే కొన్నారు" అంది.

"ఇడ్లీ కాదు. సూది ఎవరు వేశారు?"

అప్పుడర్థమైంది. తల వంచుకుని, "నాను ఏటీ ఏసుకోలేదు సార్" అంది. 

నేను రాసిన ఉత్తరం

మీరు ఈ ఉద్యోగంలో ఉంటే ఇది రెండుసార్లు చదవండి. తిరిగొచ్చిన మర్నాడే పై వాళ్ళకి నేనే ఉత్తరం రాశాను. నా శిష్యురాలి మీద నాకే అనుమానంగా ఉంది, వచ్చి పరీక్ష చేయండి అని. నిజాయితీ అనుకున్నాను. ఈ దేశంలో ఏ కోచ్ ఇలా రాస్తాడు అని లోలోపల మురిసిపోయాను కూడా. పరీక్ష వాళ్ళు వచ్చి మూత్రం సీసాల్లో పట్టించుకుని వెళ్ళారు. ఫలితం వచ్చేదాకా జాతీయ పోటీలకి ఆమె పేరు పంపనన్నాను. ఫలితం రాకముందే పేర్లు పంపే గడువు దాటిపోయింది.

జాతీయ పోటీల్లో పతకం వస్తే ఆటగాళ్ళ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందని ఆ ఇంట్లో అందరూ ఆశ పెట్టుకున్నారు. అది పోయింది. అంతకంటే పెద్దది ఇంకొకటి పోయింది. పరీక్ష వాళ్ళు వచ్చిన సంగతి ఊరికి తెలిసి, సోనేపూర్‌లో పిల్లలు దాన్ని "సూదుల రత్నం" అని పిలవడం మొదలెట్టారు. నీళ్ళ బిందెతో వెళ్తుంటే, "ఏటే, అది కూడా సూదేసుకునే ఎత్తినావా?" అని నవ్వేవాళ్ళట.

ఫలితం వచ్చింది. మందు ఏదీ లేదు.

ఊరుకున్నానా? లేదు. పరీక్షకి అందని మందులు కూడా ఉంటాయని శ్రీనే నాకు చెప్పి ఉన్నాడు. అది కాకపోతే ఇది, ఇది కాకపోతే ఇంకోటి అనుకుంటూ తిరిగాను. అనుమానానికి అలవాటుపడ్డ బుద్ధి ఎంత నీచంగా పనిచేస్తుందో చూడండి. దొరికితే దొంగ, దొరక్కపోతే గడుసు దొంగ. ఇంక ఆ పిల్ల ఏం చేస్తే నేను నమ్ముతాను? రత్నం మాత్రం రోజూ వచ్చేది. నాతో మాట్లాడకుండా బరువులెత్తి వెళ్ళిపోయేది.

కొర్లమ్మ చేయి

ఒకరోజు పొద్దున కొర్లమ్మ గంపతో సహా షెడ్డుకొచ్చింది. వెనకాల రత్నం. గంప గుమ్మం దగ్గర దించి, లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడింది.

"బాబూ, నా పిల్ల మందు తిన్నాదని కాయితం రాసినారట. మీరేనా?"

"నేనే రాశానమ్మా. ఏమీ లేదని వచ్చింది కదా."

"వొచ్చినాది. మరి దాని ముకం సూసి ఎందుకు మాటాడరు?"

నేను కొంచెం గట్టిగానే అన్నాను. "పది కిలోలమ్మా! ఇక్కడ ఆరు నెలలు కదలనిది అక్కడ ఎలా కదిలింది? నువ్వే చెప్పు."

"నాకేటి తెలుసు బాబూ, మీరు కదా సదువుకున్నోరు" అంది. నిలబడి కాళ్ళు లాగాయేమో, బల్ల మీద కూర్చోబోయింది. బల్ల మీద ఇరవై కిలోల ప్లేటు ఒకటి ఉంది. దాన్ని రెండు చేతులతో తీసి పక్కన పెట్టబోయి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది.

"ఇదెంత బాబూ?"

"ఇరవై. రాసుంది కదా."

"రాసింది నాను సదవలేను గాని, ఇది ఇరవై కాదు."

నవ్వొచ్చింది నాకు. "అమ్మా, అది ఫ్యాక్టరీలో పోసిన ఇనుము. నీ చేపల గంప కాదు."

కొర్లమ్మకి కోపం వచ్చింది. "నవ్వకండి. పెళ్ళయిన కాడ్నుంచి గంప ఎత్తుతున్నాను. కిలో ఎక్కువైతే మెడకి తెల్దా? కొనేవోడు కాటా మోసం సేస్తే సేత్తోనే పట్టేత్తాను. ఇరవై కాదంటే కాదు. తూయించండి!"

తల్లి మాటకి ఎదురు చెప్పలేక, నోరు మూయిద్దామన్న ఉద్దేశం కూడా కొంత ఉండి, ఆ ప్లేటు పట్టుకుని వీధి చివర పాత ఇనుము కొట్టుకి వెళ్ళాను. కొట్టు వాడు, "ఏటి సారూ, రిటైరు అవకుండానే సామాను అమ్మేస్తన్నారా?" అని ఎకసెక్కాలాడాడు. కాటా మీద పెట్టాం. ఇరవై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు. కాటా తప్పనుకుని, పక్కనున్న బియ్యం కొట్టు కాటా మీద పెట్టాం. అక్కడా అంతే. ఆడపిల్లల సెట్టు మొత్తం రిక్షాలో తెప్పించాను. నాలుగు ఇరవైలూ అంతే. పది అని రాసున్నవి పదీ ఎనిమిది వందలు.

కొట్టు వాణ్ణి చాకు అడిగి అంచు దగ్గర రంగు గీరాను. నలుపు, ఎరుపు, నలుపు, ఎరుపు. పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఇన్నేళ్ళ పూజలు! నేను పెట్టిన ఆచారం, నేను చూసుకుని మురిసిన మెరుపు, నా చేత్తో రాసిన అంకె. బరువు పెరుగుతోంది రంగుకి. అంకె మాత్రం ఇరవై దగ్గరే ఉంది. ఆ సెట్టులో నాలుగు ఇరవైలూ ఎక్కించేంత బలం ఉన్న ఆడపిల్ల రత్నానికి ముందు రాలేదు కాబట్టి అంత తేడా ఎప్పుడూ బయటపడలేదు. మిగతా పిల్లలు పోటీల్లో రెండు మూడు కిలోలు ఎక్కువ ఎత్తితే, ఆఖరి నిమిషంలో నేను చెప్పిన మాట బలం అనుకుని మీసం దువ్వుకునేవాణ్ణి.

అక్కడే బియ్యం బస్తా మీద కూర్చుని లెక్క వేశాను. కడ్డీ పదిహేను, మిగతాదంతా ఆ ప్లేట్లే. డెబ్బై అయిదు అని నేను రాసుకున్నది డెబ్బై తొమ్మిదిన్నరకి ఓ పిసరు తక్కువ. తొంభై అయిదు అన్నది నూరు దాటింది. కలిపితే సరిగ్గా నూట ఎనభై. ఆ పిల్ల ఆరు నెలలుగా రోజూ నా ఎదురుగానే నూట ఎనభై ఎత్తుతోంది!

తర్వాత ఒక శిక్షణ తరగతిలో ఒకాయన అమెరికా వాళ్ళ బేస్‌బాల్ గురించి చెప్పాడు. బంతిని మైదానం దాటించి కొట్టే హోమ్ రన్‌లు ఉన్నట్టుండి పెరిగితే ఆటగాళ్ళు మందులు వాడారని అందరూ అనుకుంటారట. వాడిన వాళ్ళూ ఉన్నారట. కానీ కొందరు బంతి కుట్టు చూశారు, బంతి ఎంత ఎగురుతోందో చూశారు, మైదానం చూశారు. కొన్నిసార్లు తేడా బంతిలోనే దొరికిందట. ఆ మాట నాకు పది సంవత్సరాలు ముందు ఎవరైనా చెప్పుంటే బాగుండేది. అంకె మారితే మనిషిని పట్టుకోవడం తేలిక. ఇనుముని తూచడానికి మాత్రం వీధి చివరిదాకా నడవాలి. కుర్రాళ్ళూ, నడవండి. శ్రీను లాంటి వాళ్ళు ఉంటారు, కళ్ళు మూసుకోకండి. కానీ ముందు మీ సామాను తూచుకోండి.

ఆ సాయంత్రం పిల్లలందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. తప్పు నాదని పై వాళ్ళకి రెండో ఉత్తరం రాశాను. మర్నాడు సోనేపూర్ వెళ్ళి, పడవలు ఒడ్డుకి చేరే చోట, ఊరి వాళ్ళంతా చేపలు వేరుచేసుకుంటుంటే, అందరికీ వినబడేలా చెప్పాను. రత్నం ఏ మందూ తీసుకోలేదు, గురువునై ఉండి నేనే గుడ్డివాణ్ణయ్యాను అని.  నవ్విన వాళ్ళు నవ్వడం మానేశారు. కొర్లమ్మ వల దులుపుతూ, "అందరికీ సెప్పినారు, బాగుంది. మరి దానికి సెప్పినారా?" అంది.

రత్నం దగ్గరికి వెళ్ళి, "తప్పయిపోయిందమ్మా" అన్నాను. అది ఇసకలోంచి చేపల గంప ఎత్తి పక్కన పెట్టి, "రేపు ఎన్నింటికి రమ్మంటారు సార్?" అని అడిగింది. నా మీద కోపం పోయిందని కాదు. పని ఆగకూడదని, అంతే. అలాంటి పిల్లలకి నేను గురువునయ్యాను. ఇంతకు మించిన గర్వం నాకేం కావాలి?

మరుసటి ఏడు

ఆ తర్వాత ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే సెట్టు మీద వంతులవారీగా ఎత్తారు. రత్నం ఏడాదిపాటు చెమట కార్చింది. జాతీయ పోటీలకి తీసుకెళ్ళాను. కొర్లమ్మ కూడా కొత్త చీర కట్టుకుని, మొదటిసారి అంత దూరం రైలెక్కి వచ్చింది. స్నాచ్‌లో ఎనభై ఎనిమిది, జర్క్‌లో నూట తొమ్మిది. బంగారు పతకం. కొర్లమ్మ పైన మెట్ల మీద నిలబడి, "నా పిల్లే! నా పిల్లే!" అని తెలుగులో అరుస్తుంటే, పక్కనున్న పంజాబీ ఆవిడ ఏమీ అర్థంకాకపోయినా కొర్లమ్మని పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు?

పతకం మెడలో పడగానే మందుల పరీక్ష ఆవిడ కాగితంతో వచ్చింది. గెలిచిన వాళ్ళకి అది మామూలే. లోపల నమూనా ఇచ్చి సీసాలకి సీలు వేసేటప్పుడు, అంతా సక్రమంగా జరిగిందని చూసి సంతకం పెట్టడానికి మన మనిషి ఒకర్ని వెంట తెచ్చుకోవచ్చు. ఎవరొస్తారని ఆవిడ హిందీలో అడిగింది. రత్నం నా వైపు వేలు చూపించింది.

 ఆ గదిలో దాని పక్కన కూర్చునే అర్హత నాకెక్కడిది? "మీ అమ్మని తీసుకెళ్ళు రత్నం, అంత దూరం నుంచి వచ్చింది" అన్నాను.

"అమ్మెందుకు సార్? అమ్మకి నా మీద ఎప్పుడూ అనుమానం లేదు" అంది. "మీరు రండి."

వెళ్ళాను. సీసా మీద నంబరు నన్ను పైకి చదవమంది రత్నం. చదివాను. తప్పు చదివానేమో అని మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. అది కాగితంలో ఒక్కో అంకె మీద వేలు పెట్టి సరిచూసుకుని, పెన్ను నా చేతికిచ్చింది.